లైబ్రరీ పేరు చివరి అంకె: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి హైదరాబాద్ పాఠకుల నుంచి వచ్చిన ప్రశ్నలు చాలావరకు ఒక్క విషయం చుట్టూనే తిరిగాయి. షేర్డ్ లైబ్రరీకి (ఎన్నో ప్రోగ్రాములు కలిసి వాడుకునే కోడు ఫైలు; లినక్స్‌లో .ఎస్ఓ, మ్యాక్‌లో .డైలిబ్, విండోస్‌లో .డిఎల్ఎల్) ఏ నంబరు వేయాలి, ఎప్పుడు మార్చాలి, లినక్స్‌లో కుదిరింది విండోస్‌లో ఎందుకు కుదరదు అన్నవే అన్నీ. అందుకే మిగతా ప్రశ్నలను పక్కన పెట్టి వీటికే చోటిచ్చాం. ఉదాహరణల కోసం తెలుగు అక్షరాలను తెర మీద పేర్చే ‘లిపి’ అనే ఊహా లైబ్రరీని తీసుకున్నాం. కమాండ్లను, ఫైళ్ల పేర్లను పలికినట్టే తెలుగులో రాశాం. మీరు మాత్రం ఇంగ్లిషు అక్షరాల్లోనే కొట్టాలి.

మా లైబ్రరీ 1.9 నుంచి 2.0కి వెళ్తోంది. కొత్తగా నాలుగు ఫంక్షన్లు చేర్చాం, పాతవి ఏవీ తీయలేదు. ‘రిలీజు 2.0 అయితే ఫైలు కూడా .ఎస్ఓ.2 కావాలి కదా’ అని మా మేనేజరు గారు అన్నారు. అలాగే చేసి టెస్టింగ్ టీముకు ఇస్తే పాత ప్రోగ్రాములు ఒక్కటీ లేవడం లేదు. తప్పెక్కడ జరిగింది?
*ఒక పాఠకురాలు, మాదాపూర్*

మీ మేనేజరు గారు చెప్పే 2, ఫైలు పేరులో ఉండే 2 వేర్వేరు అంకెలు. మొదటిది మనుషుల కోసం: ప్రకటనల్లో వేసుకోవచ్చు, ఎంతైనా పెంచుకోవచ్చు. రెండోది లోడర్ (ప్రోగ్రాము మొదలయ్యేటప్పుడు దానికి కావలసిన లైబ్రరీలను వెతికి తెచ్చే భాగం) కోసం. లోడర్‌కు కావలసిన సమాచారం ఒక్కటే: పాత లైబ్రరీతో కట్టిన ప్రోగ్రామును మళ్లీ కంపైల్ చేయకుండా ఈ కొత్త దానితో నడపొచ్చా? నడపగలిగినంత కాలం ఆ అంకె కదలకూడదు. నడవని రోజున మార్చి తీరాలి.

లినక్స్‌లో ఒక లైబ్రరీకి మూడు పేర్లుంటాయి. అసలు ఫైలు లిబ్‌లిపి.ఎస్ఓ.1.9.0. నడిచే ప్రోగ్రాములు వెతికేది లిబ్‌లిపి.ఎస్ఓ.1, దీన్నే సోనేమ్ అంటాం. కంపైల్ చేసేవాళ్లకు పనికొచ్చేది ఏ అంకే లేని లిబ్‌లిపి.ఎస్ఓ. ఈ చివరి రెండూ అసలు ఫైలును చూపించే సింబాలిక్ లింకులు. ప్రోగ్రామును లింక్ చేసేటప్పుడు లింకర్ (ప్రోగ్రామును లైబ్రరీకి ముడివేసే పనిముట్టు) అంకె లేని పేరుతోనే లైబ్రరీని పట్టుకుంటుంది గానీ, ప్రోగ్రాములో రాసిపెట్టేది మాత్రం లైబ్రరీ లోపలున్న సోనేమ్‌ను. మీ పాత ప్రోగ్రాములన్నిటిలో ‘లిబ్‌లిపి.ఎస్ఓ.1 కావాలి’ అని రాసి ఉంది. మీరిచ్చిన దాంట్లో ఆ పేరే లేదు. అందుకే లోడర్ ‘క్యానాట్ ఓపెన్ షేర్డ్ ఆబ్జెక్ట్ ఫైల్’ అని చెప్పి ఆగిపోయింది. రీడ్‌ఎల్ఫ్ -డి కొట్టి చూడండి. ప్రోగ్రాములో ‘నీడెడ్’ వరుస, లైబ్రరీలో ‘సోనేమ్’ వరుస అక్షరం పొల్లుపోకుండా ఒకటే కావాలి.

ఇంకా బయటి వినియోగదారులకు ఇవ్వలేదు కాబట్టి ఇప్పుడే సరిదిద్దుకోవచ్చు. జీసీసీ కంపైలరుకు -షేర్డ్ తో పాటు -డబ్ల్యుఎల్,-సోనేమ్,లిబ్‌లిపి.ఎస్ఓ.1 అని ఇచ్చి, -ఓ తర్వాత లిబ్‌లిపి.ఎస్ఓ.1.10.0 అని పెట్టండి. డబ్ల్యు పెద్దక్షరం, ఎల్ చిన్నక్షరం. కామాల పక్కన ఖాళీ వదలొద్దు. వదిలితే జీసీసీ ఆ ముక్కను లింకర్‌కు పంపకుండా వేరే ఫైలు పేరనుకుంటుంది. ప్యాకెట్ మీద 2.0 అని వేసుకోవడానికి ఇది అడ్డం కాదు.

ఇక అంకె ఎప్పుడు మార్చాలన్నది అసలు ప్రశ్న. ఫంక్షన్ తీసేసినప్పుడు మార్చాలని అందరికీ తెలుసు. కొంప ముంచేవి పైకి కనిపించని మార్పులు. మీ హెడర్‌లో ‘అక్షరం’ అనే స్ట్రక్చరు ఉందనుకోండి: కోడు, వెడల్పు, ఎత్తు అని మూడు ఇంట్‌లు, ఒక్కోటి 4 బైట్లు, మొత్తం 12. వత్తు కోసం ఇంకో ఇంట్ చేర్చారు, 16 అయింది. ఫంక్షన్ల పేర్లు మారలేదు, అందరి సోర్సు కోడూ ఎప్పటిలాగే కంపైల్ అవుతుంది. కానీ పాత ప్రోగ్రాము 100 అక్షరాలకని 1200 బైట్లే తీసి పెట్టుకుంది. కొత్త లైబ్రరీ అదే చోట 1600 బైట్లు రాస్తుంది. మిగిలిన 400 బైట్లు పక్కనున్న ఎవరి డేటా మీదో పడతాయి. లోడర్ నోరు మెదపదు. ప్రోగ్రాము లేస్తుంది, కాసేపు నడుస్తుంది, సంబంధం లేని ఇంకేదో ఫంక్షన్‌లో కూలిపోతుంది. తప్పు దొరకడానికి రోజులు పడుతుంది. సోనేమ్ మార్చి ఉంటే మొదటి సెకనులోనే ‘ఫైలు లేదు’ అని స్పష్టంగా తెలిసేది.

ఫంక్షన్ ఆర్గ్యుమెంట్ల సంఖ్య గానీ రకం గానీ మార్చడం, ఈనమ్ (అంకెలకు పేర్లు పెట్టిన జాబితా) మధ్యలో కొత్త విలువ దూర్చడం, సీ ప్లస్ ప్లస్ క్లాసులో వర్చువల్ ఫంక్షన్ల వరుస కదిలించడం కూడా ఈ కోవలోవే. వీటిని తప్పించుకోవడానికి మేం గట్టిగా చెప్పే మార్గం ఒకటుంది. స్ట్రక్చరు లోపలి భాగాలను హెడర్‌లో బయటపెట్టకండి. పాయింటరు మాత్రమే చేతికివ్వండి. తయారు చేసేదీ, విడుదల చేసేదీ మీ ఫంక్షన్లే కావాలి. అప్పుడు లోపల ఎన్ని ఇంట్‌లు చేర్చుకున్నా అంకె మార్చే పని పడదు.

లైబ్రరీలు కట్టడానికి వాడే లిబ్‌టూల్ పనిముట్టు -వెర్షన్-ఇన్ఫోలో మా రిలీజు నంబరు 1.4.2ను 1:4:2 అని ఇస్తే ఒప్పుకోవడం లేదు. 2:1:0 అని ఇస్తే లినక్స్‌లో .ఎస్ఓ.2.0.1 వస్తోంది, మ్యాక్‌లో ఇంకేవో అంకెలు వస్తున్నాయి. ఈ లెక్క ఏమిటి?
*ఒక పాఠకుడు, ఉప్పల్*

అక్కడ రిలీజు నంబరు ఇవ్వకూడదు. ఆ మూడు అంకెలు వరుసగా కరెంట్, రివిజన్, ఏజ్. ఇప్పుడున్న ఇంటర్‌ఫేస్ ఎన్నోదో కరెంట్ చెబుతుంది. ఆ ఇంటర్‌ఫేస్ మారకుండా లోపలి కోడును ఎన్నిసార్లు సరిచేశారో రివిజన్ చెబుతుంది. వెనక్కి ఎన్ని ఇంటర్‌ఫేస్‌ల వరకు ఇంకా ఆదుకుంటుందో ఏజ్ చెబుతుంది. కరెంట్ 1 అయినప్పుడు 2 ఇంటర్‌ఫేస్‌ల వెనక్కి వెళ్లడం కుదరదు కాబట్టే మీ 1:4:2ను తోసిపుచ్చింది.

మొదటి రిలీజు 0:0:0 అనుకుని నడిచి చూడండి. తప్పొకటి దిద్దారు, ఇంటర్‌ఫేస్ మారలేదు: 0:1:0. కొత్త ఫంక్షన్ చేర్చారు, పాతవన్నీ ఉన్నాయి: కరెంట్, ఏజ్ రెండూ ఒకటి పెరుగుతాయి, రివిజన్ సున్నా అవుతుంది, అంటే 1:0:1. మళ్లీ తప్పు దిద్దితే 1:1:1. ఇప్పుడొక ఫంక్షన్ తీసేశారు: కరెంట్ పెరుగుతుంది, మిగతా రెండూ సున్నా, అంటే 2:0:0.

లినక్స్‌లో ఫైలు పేరు కట్టే వరుస వేరు. ముందు కరెంట్‌లోంచి ఏజ్ తీసేస్తే వచ్చేది, తర్వాత ఏజ్, ఆ తర్వాత రివిజన్. అలా 1:1:1కు .ఎస్ఓ.0.1.1 వస్తుంది, సోనేమ్ చివర 0. 2:0:0కు .ఎస్ఓ.2.0.0 వస్తుంది. 0 నుంచి ఒకేసారి 2కు దూకిందేమిటని కంగారు పడకండి. ఆ అంకె వరుసగా రావాలని లేదు, మారితే చాలు. రివిజన్, ఏజ్ స్థానాలు తారుమారు చేసి 1:1:0 అనో 2:1:2 అనో రాయడం మామూలుగా జరిగే పొరపాటు. దాని ఫలితం సోనేమ్ అనవసరంగా మారడం, లేదా మారాల్సింది మారకపోవడం.

మ్యాక్‌లో ఈ సమాచారం రెండు చోట్ల ఉంటుంది. ఫైలు పేరులో కరెంట్ నుంచి ఏజ్ తీసేసిన అంకె ఒక్కటే ఉంటుంది: 1:1:1కు లిబ్‌లిపి.0.డైలిబ్. లైబ్రరీ లోపల ఇంకో రెండు నంబర్లు రాసి ఉంటాయి. ఓటూల్ -ఎల్ (పెద్ద ఎల్) కొడితే పేరు పక్కన ‘కంపాటిబిలిటీ వెర్షన్ 2.0.0, కరెంట్ వెర్షన్ 2.1.0’ అని కనిపిస్తాయి. మ్యాక్ లింకర్‌కు అక్కడ సున్నా నచ్చదు కాబట్టి లిబ్‌టూల్ కరెంట్‌కు ఒకటి కలిపి ఇస్తుంది. మీరు తికమక పడ్డది అక్కడే. లింక్ చేసిన రోజున ఉన్న కంపాటిబిలిటీ నంబరు ప్రోగ్రాములోకి వెళ్తుంది. నడిపే చోట లైబ్రరీలో అంతకంటే చిన్నది ఉంటే లోడర్ అడ్డుకోవడానికి పెట్టిన ఏర్పాటు ఇది. అయితే ఇది లైబ్రరీ మరీ పాతదైతేనే పట్టుకుంటుంది. కొత్త దాంట్లో ఫంక్షన్ తీసేస్తే పట్టుకోదు, నంబరు పెద్దదే కదా. దాన్ని పట్టుకోవాలంటే ఫైలు పేరులో అంకె మారాల్సిందే.

అదే 2:0:0 విండోస్‌లో మింగ్‌డబ్ల్యు కంపైలరుతో కడితే లిబ్‌లిపి-2.డిఎల్ఎల్ అవుతుంది. ఓపెన్‌బీఎస్‌డీలో పద్ధతే వేరు. అక్కడ పేరులో మేజర్, మైనర్ అని రెండే అంకెలు ఉంటాయి, మేజర్ సరిపోయి మైనర్ సమానమో ఎక్కువో అయితే లోడర్ ఒప్పుకుంటుంది. అక్కడి పోర్ట్స్‌లో (ఆ సిస్టంకు సర్దిపెట్టిన బయటి సాఫ్ట్‌వేర్ సేకరణలో) ఆ అంకెలను నిర్ణయించేది పోర్టు చేసేవాళ్లు, మీరు కాదు. ఒకే లైబ్రరీకి ఒక్కో చోట ఒక్కో అంకె కనబడటం తప్పు కాదు. మీరు కరెంట్, రివిజన్, ఏజ్ సరిగ్గా ఇస్తే మిగతాది లిబ్‌టూల్ చూసుకుంటుంది.

మేం బిల్డ్‌కు సీమేక్ వాడతాం. వెర్షన్ 2.3.1, సోవెర్షన్ 2 అని పెట్టాం. లినక్స్, మ్యాక్‌లో బాగానే ఉంది. విండోస్‌లో మాత్రం వట్టి లిపి.డిఎల్ఎల్ వస్తోంది. పాత ప్రోగ్రామున్న మెషీన్‌లో కొత్తది ఇన్‌స్టాల్ చేస్తే పాతది పాడవుతోంది. ఫైల్ ప్రాపర్టీస్‌లో వెర్షన్ సరిగ్గానే చూపిస్తోంది కదా?
*ఒక పాఠకుడు, కూకట్‌పల్లి*

ప్రాపర్టీస్‌లో కనిపించేది వెర్షన్ రిసోర్సు. అది ఇన్‌స్టాలర్లకు, మనుషులకు పనికొస్తుంది. విండోస్ లోడర్ దాని వైపు కూడా చూడదు. అడిగిన పేరున్న డిఎల్ఎల్ దొరికిందా లేదా, అంతే. ‘డిఎల్ఎల్ హెల్’ అని పేరు పడ్డ పాత గొడవకు మూలం ఇదే. 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన సైడ్ బై సైడ్ ఏర్పాటు దీనికొక మందు. దానికి మానిఫెస్టులు (ఏ వెర్షన్ కావాలో రాసిపెట్టే ఫైళ్లు), వాటి నిర్వహణ కావాలి. మామూలు లైబ్రరీకి అంత దూరం పోనవసరం లేదు. అంకెను పేరులోనే పెట్టేయండి.

సీమేక్ 3.27 లేదా ఆ తర్వాతిది అయితే డిఎల్ఎల్_నేమ్_విత్_సోవెర్షన్ అనే ప్రాపర్టీని ఆన్ చేయండి. లిపి-2.డిఎల్ఎల్ వస్తుంది. అంతకంటే పాతదైతే విండోస్‌కు మాత్రమే రన్‌టైమ్_అవుట్‌పుట్_నేమ్‌ను లిపి-2 అని పెట్టండి. అవుట్‌పుట్_నేమ్‌ను ముట్టుకోకండి. దాన్ని మారిస్తే ఇంపోర్ట్ లైబ్రరీ పేరు కూడా మారి, మీ లైబ్రరీని లింక్ చేసుకునే వాళ్లందరూ వాళ్ల బిల్డ్ ఫైళ్లు దిద్దుకోవలసి వస్తుంది. ఇంపోర్ట్ లైబ్రరీ లిపి.లిబ్ గానే ఉండాలి. లినక్స్‌లో అంకె లేని లింకు చేసే పని ఇక్కడ అది చేస్తుంది.

తయారైన డిఎల్ఎల్‌ను చేత్తో రీనేమ్ చేస్తే చాలదా అనుకోవచ్చు. చాలదు. ఏ పేరు వెతకాలన్నది ఇంపోర్ట్ లైబ్రరీలో నమోదై ఉంటుంది, ప్రోగ్రాములు పాత పేరునే అడుగుతాయి. డంప్‌బిన్ /డిపెండెంట్స్‌తో చూసుకోండి. మ్యాక్‌లోనూ ఇంతే. అక్కడ లైబ్రరీ లోపల రాసి ఉన్న ఇన్‌స్టాల్ నేమ్‌ను ఇన్‌స్టాల్_నేమ్_టూల్ -ఐడితో మార్చి, కోడ్‌సైన్‌తో సంతకం మళ్లీ వేయాలి.

పెద్ద లైబ్రరీలు చేసేదీ ఇదే. ఓపెన్ఎస్ఎస్ఎల్ 3 లినక్స్‌లో లిబ్ఎస్ఎస్ఎల్.ఎస్ఓ.3, మ్యాక్‌లో లిబ్ఎస్ఎస్ఎల్.3.డైలిబ్, 64 బిట్ విండోస్‌లో లిబ్ఎస్ఎస్ఎల్-3-ఎక్స్64.డిఎల్ఎల్. మూడింటిలోనూ 3 ఉంది, ఉన్న చోటు వేరు. మైక్రోసాఫ్ట్ సొంత రన్‌టైమ్‌దీ అదే దారి. విజువల్ స్టూడియో 2015 నుంచి 2022 దాకా వీసీరన్‌టైమ్140.డిఎల్ఎల్ ఒక్కటే, ఎందుకంటే ఆ మధ్య ఏబీఐ (కంపైల్ అయిన ప్రోగ్రాముకూ లైబ్రరీకీ మధ్య ఒప్పందం) విరగలేదు.

ఈలోగా మీ వినియోగదారులకు ఒక ఉపశమనం: డిఎల్ఎల్‌ను సిస్టమ్ ఫోల్డర్‌లో కాకుండా ప్రోగ్రామున్న ఫోల్డర్‌లోనే పెట్టించండి. విండోస్ సాధారణంగా అక్కడే ముందు వెతుకుతుంది.

అమీర్‌పేటలో ఇన్‌స్టిట్యూట్ ల్యాబ్‌లో కట్టిన లైబ్రరీని పెన్‌డ్రైవ్‌లో ఇంటికి తెచ్చుకున్నాను సార్. మూడు ఫైళ్లూ ఒకే సైజులో ఉన్నాయి. ఎల్‌డీకాన్ఫిగ్ నడిపితే ‘ఈజ్ నాట్ ఎ సింబాలిక్ లింక్’ అంటోంది. కొత్త 1.0.2 వేసినా పాతదే నడుస్తోంది.
*ఒక విద్యార్థి, అమీర్‌పేట*

పెన్‌డ్రైవ్‌లు ఎక్కువగా ఫ్యాట్32 లేదా ఎక్స్‌ఫ్యాట్‌లో ఉంటాయి. వాటికి సింబాలిక్ లింకు అంటే ఏమిటో తెలియదు. అందుకే కాపీ చేసేటప్పుడు లింకు ఉన్న చోటల్లా అసలు ఫైలునే మళ్లీ రాసేశారు. ఇంట్లో ఇప్పుడు లిబ్‌లిపి.ఎస్ఓ.1 అనేది లింకు కాదు, పాత లైబ్రరీ నకలు. 1.0.2 పక్కనే పెట్టినా ప్రోగ్రాములు అడిగేది లిబ్‌లిపి.ఎస్ఓ.1నే కాబట్టి ఆ నకలే లోడ్ అవుతుంది. అక్కడ మామూలు ఫైలు కూర్చుని ఉంది కనుక ఎల్‌డీకాన్ఫిగ్ దాన్ని కదిలించదు, ఫిర్యాదు చేసి ఊరుకుంటుంది.

లిబ్‌లిపి.ఎస్ఓ, లిబ్‌లిపి.ఎస్ఓ.1 రెండింటినీ తీసేయండి. పూర్తి అంకెలున్న ఫైళ్లను ముట్టుకోకండి. తర్వాత సుడోతో ఎల్‌డీకాన్ఫిగ్ నడపండి. సోనేమ్ చూసి లిబ్‌లిపి.ఎస్ఓ.1 లింకును అదే కట్టి, 1.0.2 వైపు తిప్పుతుంది. కంపైల్ చేయడానికి కావలసిన లిబ్‌లిపి.ఎస్ఓను మాత్రం ఎల్ఎన్ -ఎస్‌తో మీరే కట్టుకోవాలి. ఈసారి ల్యాబ్ నుంచి తెచ్చేటప్పుడు టార్‌లో మూటగట్టి తెండి, లింకులు లింకులుగానే వస్తాయి.

ఇదే జబ్బు ఇంకో రూపంలోనూ వస్తుంది. లింకులున్న గిట్ రిపాజిటరీని విండోస్‌లో తీసుకుంటే, సెట్టింగు లేనప్పుడు లింకు బదులు పదిహేను ఇరవై బైట్ల టెక్స్ట్ ఫైలు వస్తుంది. దాన్ని లినక్స్‌కు మోసుకెళ్తే లోడర్ ‘ఫైల్ టూ షార్ట్’ అంటుంది.

ఇంకొకటి. నడుస్తున్న ప్రోగ్రాము వాడుతున్న లైబ్రరీ ఫైలు మీద సీపీతో నేరుగా కాపీ చేయకండి. సీపీ అదే ఫైలును ఖాళీ చేసి మళ్లీ రాస్తుంది, నడుస్తున్న ప్రోగ్రాము కాళ్ల కింద నేల కదిలినట్టై కూలిపోతుంది. వేరే పేరుతో పెట్టి ఎంవీతో మార్చండి, లేదా ఇన్‌స్టాల్ కమాండ్ వాడండి.

ఆండ్రాయిడ్ యాప్‌లో లిబ్‌లిపి.ఎస్ఓ.1 పెట్టాం. ఫోన్‌లో దొరకడం లేదని ఆగిపోతోంది.
*ఒక పాఠకురాలు, సికింద్రాబాద్*

ఏపీకేలోని లైబ్రరీ పేరు లిబ్ తో మొదలై .ఎస్ఓ తో ముగియాలి. తర్వాత అంకె ఉండకూడదు, సోనేమ్‌లోనూ ఉండకూడదు. ప్రతి యాప్ తన లైబ్రరీని తనతోనే తెచ్చుకుంటుంది కాబట్టి అక్కడ అంకె అవసరమూ రాదు. సీమేక్ ఆండ్రాయిడ్‌కు కట్టేటప్పుడు సోవెర్షన్‌ను తనంతట తనే వదిలేస్తుంది. చేత్తో రాసిన మేక్‌ఫైలు అయితే మీరే తీసేయాలి.

తేదీనే వెర్షన్‌గా 1.0.20241130 అని వాడుతున్నాం. లినక్స్‌లో ఇబ్బంది లేదు, మ్యాక్ లింకర్ ఒప్పుకోవడం లేదు.
*ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్*

మ్యాక్ ఆ మూడు అంకెలనూ 32 బిట్లలో సర్దుతుంది: మొదటి దానికి 16, మిగతా రెండింటికి ఎనిమిదేసి. అంటే మొదటిది 65535 దాకా, మిగతావి 255 దాకానే. విండోస్ రిసోర్సులో నాలుగు అంకెలు, ఒక్కోటి 65535 దాటకూడదు. అక్కడా మీది ఇమడదు. 2024.11.30 అని విడగొడితే రెండు చోట్లా పడుతుంది. కానీ దాన్ని సోనేమ్‌లోకి మాత్రం రానివ్వకండి. వస్తే ప్రతి రిలీజుకూ అందరూ మళ్లీ లింక్ చేసుకోవలసి వస్తుంది.

ఉబుంటు 24.04లో కట్టిన మా ప్రోగ్రాము క్లయింటు ఆర్‌హెచ్ఈఎల్ 8 (రెడ్ హ్యాట్ లినక్స్) సర్వర్‌లో ‘జీలిబ్‌సీ_2.34 నాట్ ఫౌండ్’ అంటోంది. రెండు చోట్లా లిబ్‌సీ.ఎస్ఓ.6 ఒకటే కదా?
*ఒక పాఠకుడు, గచ్చిబౌలి*

సోనేమ్ ఒకటే, లోపలి సరుకు ఒకటి కాదు. జీలిబ్‌సీ (లినక్స్‌లో దాదాపు ప్రతి ప్రోగ్రామూ వాడే మూల సీ లైబ్రరీ) తన సోనేమ్‌ను మార్చకుండా ప్రతి ఫంక్షన్‌కూ విడిగా వెర్షన్ ముద్ర వేస్తుంది. ఉదాహరణకు 64 బిట్ ఇంటెల్ మెషీన్లలో మెమ్‌సీపీవైకి రెండు రూపాలున్నాయి: పాత ప్రోగ్రాముల కోసం 2.2.5 ముద్రతో ఒకటి, కొత్తగా లింక్ చేసేవాటికి 2.14 ముద్రతో ఒకటి. అందువల్ల పాత ప్రోగ్రాము కొత్త సిస్టంలో హాయిగా నడుస్తుంది. కొత్తది పాత సిస్టంలో నడవదు. ఉబుంటు 24.04లో ఉన్నది 2.39, ఆర్‌హెచ్ఈఎల్ 8లో 2.28. ప్రోగ్రాము మొదలయ్యే ఫంక్షనుకే 2.34లో కొత్త ముద్ర పడింది కాబట్టి మీరు ప్రత్యేకంగా ఏమీ వాడకపోయినా ఆ పేరు వచ్చింది. ఆబ్జ్‌డంప్ -టీ (పెద్ద టీ)తో ఏ ఫంక్షన్ ఏ ముద్ర అడుగుతోందో కనిపిస్తుంది.

ఉబుంటు నుంచి లిబ్‌సీ.ఎస్ఓ.6ను తీసుకెళ్లి సర్వర్‌లో పెట్టే ఆలోచన దయచేసి చేయకండి. ఎల్ఎస్ కూడా నడవని స్థితికి సర్వర్ వెళ్తుంది. మీరు ఆదుకోవలసిన అతి పాత సిస్టం మీదే బిల్డ్ చేయండి. మీకైతే ఆర్‌హెచ్ఈఎల్ 8కు దీటైన ఆల్మాలినక్స్ 8 కంటైనర్ సరిపోతుంది. పైథాన్ వీల్స్ (ముందే కట్టిన పైథాన్ ప్యాకేజీలు) అయితే మెనీలినక్స్_2_28 ఇమేజ్ అదే. మ్యాక్‌లో ఈ పని మ్యాక్‌ఓఎస్ఎక్స్_డిప్లాయ్‌మెంట్_టార్గెట్ చేస్తుంది.

అంకె మార్చాలో వద్దో రిలీజుకు ముందే మెషీనుతో చెప్పించే దారి ఉందా?
*ఒక పాఠకురాలు, మెహదీపట్నం*

లినక్స్‌లో ఉంది. పాత, కొత్త లైబ్రరీలు రెండింటినీ -జీతో (డీబగ్ సమాచారంతో) కట్టి, లిబ్అబిగైల్ పనిముట్లలోని ఏబీఐడిఫ్‌కు పాతది ముందు, కొత్తది తర్వాత ఇవ్వండి. డీబగ్ సమాచారం లేకపోతే ఫంక్షన్ల పేర్లు మాత్రమే పోల్చగలదు. పైన చెప్పిన 12 బైట్ల స్ట్రక్చరు 16 అయిన సంగతి దానికి తెలియదు. ఏబీఐడిఫ్ ముగిసేటప్పుడు ఇచ్చే ఎగ్జిట్ కోడు 0 అయితే మార్పు లేదు. 4 అయితే మార్పుంది, మనిషి చదివి తేల్చాలి. 12 అయితే ఏబీఐ విరిగినట్టే, సోనేమ్ మార్చాలి. 4 వచ్చినప్పుడు కొత్త ఫంక్షన్ చేరడమే కారణమైతే నిశ్చింతగా ముందుకెళ్లండి. స్ట్రక్చరు పరిమాణం మారిందని రాసి ఉంటే ఆగండి. దీన్ని సీఐలో (మార్పు చేసిన ప్రతిసారీ తనంతట తనే బిల్డ్ చేసి పరీక్షించే ఏర్పాటులో) పెట్టి 12 వస్తే బిల్డ్ ఆపించండి, 4 వస్తే రిపోర్టును రివ్యూ చేసేవారికి పంపించండి.

మ్యాక్‌లో ఎన్ఎమ్ -జీయూ (చిన్న జీ, పెద్ద యూ), విండోస్‌లో డంప్‌బిన్ /ఎక్స్‌పోర్ట్స్ ఇచ్చే జాబితాలను పాతవాటితో డిఫ్ చేయండి. తీసేసిన ఫంక్షన్లు వీటితో బయటపడతాయి. స్ట్రక్చరు మార్పులు బయటపడవు కాబట్టి అదే సోర్సుకు లినక్స్‌లో ఏబీఐడిఫ్ చెప్పిన తీర్పునే మూడింటికీ వర్తింపజేసుకోండి. మూడింటికీ అంకె ఒకే రిలీజులో మారాలి. ఒక ప్లాట్‌ఫామ్ మాత్రమే వెనకబడితే ఏ అంకె ఏ ఏబీఐదో ఏడాది తర్వాత మీ టీములో ఎవరికీ గుర్తుండదు.